బాపుకు ఇంతకుముందు షుగర్ లేదు. వైరల్ జ్వరంతో దవాఖానలో చేరిస్తే 342 వచ్చింది. ఎందుకు?

పత్తిచేను
2025 సెప్టెంబర్ 17, రాత్రి 9:42

అందరికీ నమస్తే. మాది పరకాల దగ్గర ఊరు. మా బాపుకు 58 ఏండ్లు. బీపీ లేదు, షుగర్ లేదు, రోజూ చేనుకు పోయి వచ్చే మనిషి. బీడీలు మాత్రం తాగుతాడు. పోయిన గురువారం జ్వరం, ఒళ్లు నొప్పులు, దగ్గు మొదలయ్యాయి. ఊర్లో ఆర్‌ఎంపీ మూడు రోజులు సూదులు వేశాడు, నీరసంగా ఉందని రెండు గ్లూకోజ్ బాటిళ్లు ఎక్కించాడు. ఆదివారం రాత్రికి ఆయాసం వచ్చింది. సోమవారం పొద్దున హన్మకొండలో ఒక ప్రైవేట్ దవాఖానలో చేర్చాం. అప్పటికి వేలికి పెట్టే మెషిన్‌లో ఆక్సిజన్ 89.

ఇన్‌ఫ్లుయెంజా ఏ పాజిటివ్ అన్నారు. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో చెప్పే సీఆర్‌పీ పరీక్ష 148. ఎక్స్‌రేలో రెండు వైపులా నిమ్ము. అదంతా ఒక టెన్షన్ అయితే, రక్తపరీక్షలో షుగర్ 342! నిన్నటి నుంచి ఇన్సులిన్ ఇస్తున్నారు. డ్యూటీ డాక్టర్‌ను అడిగితే "స్ట్రెస్ షుగర్ అమ్మా" అని ఒక్క మాట చెప్పి పోయారు. షుగర్ ముందే ఉండి మాకు తెలియలేదా? దవాఖానలో ఇచ్చిన మందుల వల్ల వచ్చిందా? ఇక జీవితాంతం సూదులేనా? అమ్మ రెండు రోజుల నుంచి తిండి తినడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

కాజీపేట_లోకో
సెప్టెంబర్ 17, రాత్రి 10:05

బిడ్డా, ధైర్యంగా ఉండు. ఒక మాట చెప్తాను, తప్పుగా అనుకోకు. ఇన్సులిన్ ఒకసారి మొదలుపెడితే మళ్లీ బంద్ కాదు. మా తమ్ముడికి కాలు పుండు అయినప్పుడు మొదలుపెట్టారు, పదకొండేండ్లయింది, ఇప్పటికీ పొద్దున, రాత్రి పొడుచుకుంటున్నాడు. వీలైతే గోలీలతో తగ్గించమని అడుగు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
సెప్టెంబర్ 17, రాత్రి 11:30

పెద్దాయన చెప్పింది అభిమానంతోనే, కానీ చెల్లే, ఆ మాట విని ఇన్సులిన్ వద్దని మాత్రం అనకు. నేను మెడికల్ వార్డులో పద్నాలుగేండ్లుగా పనిచేస్తున్నాను. జ్వరం, నిమ్ముతో వచ్చి నాలుగు రోజులు ఇన్సులిన్ తీసుకొని, ఏమీ లేకుండా ఇంటికి పోయినవాళ్లను నా చేతులతో పంపాను. ఇన్సులిన్ అలవాటయ్యే మందు కాదు. ఒంట్లో ఉండే హార్మోనే అది. పెద్దాయన తమ్ముడికి షుగర్ జబ్బు ముదిరింది కాబట్టి సూది ఆగలేదు. సూది పెట్టినందుకు జబ్బు ముదరలేదు.

ఆక్సిజన్ మీద ఉన్న మనిషికి గోలీలతో నెట్టుకురావడం మంచిది కాదు. మెట్‌ఫార్మిన్ లాంటివి అలాంటప్పుడు ఆపేస్తారు, ఒంట్లో లాక్టిక్ ఆమ్లం పేరుకునే ప్రమాదం ఉంటుంది. ఇన్సులిన్ అయితే పూటపూటకూ పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు.

రేపు రౌండ్స్‌లో రెండు విషయాలు అడుగు. హెచ్‌బీఏ1సీ చేశారా? కీటోన్లు, అంటే ఇన్సులిన్ చాలక ఒళ్లు కొవ్వును కరిగిస్తే పుట్టే ఆమ్లాలు, చూశారా? ఈ రెండూ తెలిస్తే నీ మొదటి ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

పత్తిచేను
సెప్టెంబర్ 18, మధ్యాహ్నం 1:15

సిస్టర్, మీరు చెప్పినట్టే అడిగాను. కీటోన్లు లేవట. హెచ్‌బీఏ1సీ 6.1. ఆక్సిజన్ పెట్టాక 95 ఉంటోంది. పిల్లికూతలు వస్తున్నాయని పొద్దున పూట స్టెరాయిడ్ సూది ఇస్తున్నారట. ఇవాళ పరగడుపున షుగర్ 168, మధ్యాహ్నం అన్నం తిన్నాక 311. పొద్దున తగ్గిందని సంతోషపడ్డాం, మళ్లీ పెరిగింది.

వార్డురౌండ్స్
సెప్టెంబర్ 18, సాయంత్రం 6:50

నేను జనరల్ మెడిసిన్ డాక్టర్‌ని, వరంగల్‌లోనే. పేషెంట్‌ను చూడకుండా వైద్యం చెప్పను. కానీ మీ ప్రశ్నలకు సమాధానం మీకు తెలియాలి. తెలియక భయపడేవాళ్లను రోజూ చూస్తున్నాను.

హెచ్‌బీఏ1సీ గడిచిన రెండు మూడు నెలల సగటు షుగర్ ఎలా ఉందో చెప్తుంది. 6.5, ఆపైన ఉంటే షుగర్ జబ్బు ముందు నుంచే ఉందనుకోవాలి. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే జబ్బుకు ముందు మెట్టు, ప్రీడయాబెటిస్ అంటాం. మీ నాన్నగారిది 6.1. అంటే ఆయన నెలల తరబడి 342తో తిరగలేదు. ఈ పెరుగుదల ఈ జ్వరంతో వచ్చిందే. అయితే ముందు మెట్టు మీద ఉన్నారు కాబట్టి నేల కాస్త తడిగానే ఉంది. ఇది ఆయన ఒక్కరి కథ కాదు. ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో వేసిన లెక్క ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ జబ్బు ఉంటే, 13.6 కోట్ల మంది ఈ ముందు మెట్టు మీద ఉన్నారు. చాలామందికి ఆ సంగతే తెలియదు.

జ్వరంతో షుగర్ ఎందుకు పెరుగుతుంది? ఒంట్లోకి వైరస్ దిగగానే రోగనిరోధక కణాలు సైటోకైన్లు అనే రసాయనాలు వదులుతాయి. ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ లాంటివి. మనం ఇన్‌ఫ్లమేషన్ అనేది ఈ మంటనే. ఐఎల్-6 కాలేయానికి చేరితే అక్కడ సీఆర్‌పీ తయారవుతుంది. మీ రిపోర్టులో 148 అన్నది ఆ మంట ఎంత పెద్దదో చెప్పే పొగ లాంటిది. అదే సమయంలో కార్టిసాల్, అడ్రినలిన్, గ్లూకగాన్ అనే హార్మోన్లు పెరుగుతాయి. కరువు వచ్చినప్పుడు గుమ్మి తెరిచినట్టు, కాలేయం దాచుకున్న గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతుంది. పోరాడే కణాలకు, మెదడుకు అది అవసరం. ఇక్కడిదాకా శరీరం చేస్తున్నది సరైన పనే.

చిక్కు ఎక్కడొస్తుందంటే, అవే సైటోకైన్లు కండరాల్లో, కొవ్వులో ఇన్సులిన్ మాట వినిపించకుండా చేస్తాయి. సీజన్‌లో ఏనుమాముల మార్కెట్ చూసే ఉంటారు. మిర్చి లారీలు వస్తూనే ఉంటాయి, దించే హమాలీలు పని ఆపేస్తే లారీలన్నీ రోడ్డు మీదే నిలబడతాయి. రక్తంలో గ్లూకోజ్ అలా నిలబడిపోతుంది. ప్యాంక్రియాస్ ఇంకాస్త ఇన్సులిన్ పంపి సర్దుకోగలిగినవాళ్లకు షుగర్ పెద్దగా పెరగదు. ముందు మెట్టు మీద ఉన్నవాళ్లకు ఆ మిగులు బలం ఉండదు. అందుకే వాళ్లలో ఒక్కసారిగా బయటపడుతుంది.

ఇది కొత్త సంగతి కూడా కాదు. తీవ్రమైన రక్తస్రావంలో షుగర్ పెరుగుతుందని ఫ్రెంచ్ శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ 19వ శతాబ్దంలోనే గమనించాడు.

పొద్దున 168, మధ్యాహ్నం 311 రావడం స్టెరాయిడ్ వల్ల. పొద్దున ఇచ్చిన స్టెరాయిడ్ మధ్యాహ్నం, సాయంత్రం షుగర్‌ను పెంచుతుంది, తెల్లారేసరికి తగ్గుతుంది. కాబట్టి పరగడుపు రీడింగ్ ఒక్కటే చూసి తగ్గిందనుకోకూడదు.

పత్తిచేను
సెప్టెంబర్ 18, రాత్రి 8:20

డాక్టర్ గారూ, ఇది చదివి అమ్మకు చెప్పాను. ఇవాళ కొంచెం అన్నం తిన్నది. ఇంకొక్కటి అడుగుతాను. ఊర్లో ఎక్కించిన రెండు గ్లూకోజ్ బాటిళ్లు, ఆ సూదులు, వాటి వల్ల కూడా పెరిగి ఉంటుందా? ఆర్‌ఎంపీ మంచి మనిషే, అర్ధరాత్రి పిలిచినా వస్తాడు. ఆయన మీద కోపంతో అడగడం లేదు.

మందుల_కొట్టు
సెప్టెంబర్ 18, రాత్రి 9:10

అక్కా, నేను ఫార్మాసిస్టును, నర్సంపేట వైపు. ఈ సంగతి మా దగ్గరే బాగా తెలుస్తుంది కాబట్టి చెప్తున్నాను.

మన ఊర్లలో చేతికి ఎక్కించే ప్రతి బాటిల్‌నూ గ్లూకోజ్ అనే అంటాం. కానీ అన్నీ ఒకటి కావు. నార్మల్ సెలైన్‌లో ఉప్పు మాత్రమే ఉంటుంది. రింగర్ లాక్టేట్‌లో ఉప్పు, ఇంకొన్ని లవణాలు ఉంటాయి, చక్కెర ఉండదు. డీఎన్‌ఎస్ అని రాసి ఉంటే అందులో ఉప్పుతో పాటు 5 శాతం డెక్స్‌ట్రోజ్ ఉంటుంది. 500 మిల్లీలీటర్ల బాటిల్‌లో 25 గ్రాముల చక్కెర. రెండు ఎక్కిస్తే 50 గ్రాములు, అంటే పది పన్నెండు చెంచాలు నేరుగా రక్తంలోకి పోయినట్టు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ఒళ్లు దాన్ని సర్దుకుంటుంది. జ్వరంలో ఉన్న ఒంటికి కష్టం.

ఇక సూదులు. జ్వరం అనగానే వేసే కాక్‌టెయిల్‌లో చాలాసార్లు డెక్సా ఉంటుంది. డెక్సామెథాసోన్ అంటే స్టెరాయిడే. మామూలుగా దొరికే 2 మిల్లీలీటర్ల వయల్‌లో 8 మిల్లీగ్రాములు ఉంటాయి. అది సుమారు 50 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్‌తో సమానం. జ్వరం టక్కున దిగుతుంది, ఒళ్లు నొప్పులు పోతాయి, ఆకలి వేస్తుంది. "ఆ డాక్టర్ చేయి మంచిది" అంటారు. కానీ దాని ప్రభావం ఒంట్లో ఒకటిన్నర, రెండు రోజులు ఉంటుంది. మూడు రోజులు వరుసగా వేస్తే లెక్క చూసుకోండి. చీటీ లేకుండా డెక్సా అడిగితే నేను ఇవ్వను. అందుకని పక్క దుకాణానికి పోయినవాళ్లు ఉన్నారు. అయినా ఇవ్వను.

కాజీపేట_లోకో
సెప్టెంబర్ 18, రాత్రి 9:48

ఇన్నేండ్లూ గ్లూకోజ్ అంటే బలం అనుకున్నాను. సిస్టర్ చెప్పింది కూడా చదివాను. ఇన్సులిన్ గురించి నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను బిడ్డా.

ఖని_అక్క
సెప్టెంబర్ 19, ఉదయం 7:30

చెల్లే, మీ నాన్న ఆక్సిజన్ 95కు వచ్చిందంటే నాకే కండ్లలో నీళ్లు తిరిగాయి. నేను గోదావరిఖని నుంచి రాస్తున్నాను. మా ఆయన సింగరేణిలో పనిచేసేవాడు. 2021 మే నెలలో కరోనా వచ్చి ఒక ప్రైవేట్ దవాఖానలో తొమ్మిది రోజులు ఉన్నాడు. అప్పటికే షుగర్ ఉంది, గోలీలు వాడేవాడు. దవాఖానలో స్టెరాయిడ్ ఇచ్చారు, అది తప్పు అని నేను అనను, ఆక్సిజన్ పడిపోయింది కదా. కానీ ఆ తొమ్మిది రోజుల్లో షుగర్ ఎంతుందో ఎవరూ నాకు చెప్పలేదు. బెడ్లు లేవు, సిస్టర్లు లేరు, ఒక్కొక్కరు ముప్పై మందిని చూసుకునేవారు. డిశ్చార్జ్ కాగితంలో స్టెరాయిడ్ గోలీలు ఇంకో పది రోజులు రాశారు. ఇంటికి వచ్చాక రోజూ షుగర్ చూసుకోవాలని రాయలేదు.

వారం తర్వాత ఒకవైపు చెంప వాచింది, ముక్కులోంచి నల్లగా వచ్చింది, కంటి చుట్టూ నొప్పి. మా ఇంట్లో మెషిన్‌లో చూస్తే హెచ్‌ఐ అని చూపించింది, అంటే మెషిన్ కొలవలేనంత ఎక్కువ, అంకె కూడా రాలేదు. బ్లాక్ ఫంగస్. అదే నెలలో మన ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా తెలియజేయాల్సిన వ్యాధిగా ప్రకటించింది. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ దవాఖానకు పోయాం. ఆ ఫంగస్‌ను చంపే ఆంఫోటెరిసిన్ సూదుల కోసం మా మరిది ఎక్కడెక్కడో తిరిగాడు. ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, కుడి కన్ను పోయింది.

భయపెట్టడానికి రాయడం లేదు. స్టెరాయిడ్ ఇస్తున్నప్పుడు షుగర్ ఎంతుందో రోజూ అడుగు, ఒక నోట్‌బుక్‌లో టైమ్‌తో సహా రాసుకో. ఇంటికి పంపేటప్పుడు ఏ గోలీ ఎప్పుడు ఆపాలో నోటితో కాదు, కాగితం మీద రాయించుకో. నాకు అప్పుడు ఇది చెప్పేవాళ్లు లేరు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
సెప్టెంబర్ 19, ఉదయం 8:05

అక్కా, ఆ రోజుల్లో నేను కూడా వార్డులోనే ఉన్నాను. రెండు జతల గ్లవ్స్ వేసుకొని గ్లూకోమీటర్ పట్టుకొని పోయేసరికి స్ట్రిప్‌లు అయిపోయేవి. మీరు రాసింది పూర్తిగా నిజం. మా వార్డులో ఇప్పుడు స్టెరాయిడ్ రాసిన ప్రతి కేస్‌షీట్ మీద నాలుగు పూటల షుగర్ చార్ట్ పిన్ చేస్తాం. టిఫిన్ ముందు, మధ్యాహ్నం భోజనం ముందు, రాత్రి భోజనం ముందు, పడుకునే ముందు. ఎవరూ చెప్పకపోయినా నేనే పిన్ చేస్తాను.

ఫోర్ట్‌రోడ్
సెప్టెంబర్ 19, సాయంత్రం 4:22

నేను డాక్టర్‌ని కాదు, బయోటెక్నాలజీ చదివాను. వార్డురౌండ్స్ గారికి ఒక ప్రశ్న. 2022లో డయాబెటిస్ కేర్ పత్రికలో ఒక అమెరికన్ పరిశోధన వచ్చింది. కరోనాతో ఆసుపత్రిలో చేరిన 2,000 మందికి పైగా పేషెంట్లను చూశారు. షుగర్ ఉన్నవాళ్లకు ఎక్కువ ప్రమాదం జరిగింది నిజమే. కానీ ఆ అదనపు ప్రమాదంలో చాలా భాగాన్ని ఇన్‌ఫ్లమేషనే వివరిస్తోందని తేల్చారు, ముఖ్యంగా మంటతో పాటు రక్తంలో పెరిగే సూపార్ అనే ఒక ప్రోటీన్ స్థాయి. అంటే అసలు దోషి మంట, షుగర్ దాని నీడ మాత్రమే. మరి నీడను కొట్టి ఏం లాభం? ఇంత ఇన్సులిన్, ఇన్ని సూదులు అవసరమా?

వార్డురౌండ్స్
సెప్టెంబర్ 19, రాత్రి 10:15

చాలా మంచి ప్రశ్న. ఇవాళ డ్యూటీ అయ్యాక దీని కోసమే కూర్చున్నాను.

మంట పెద్ద దోషి అన్న మాట నేనూ ఒప్పుకుంటాను. దానికి గట్టి రుజువు స్టెరాయిడే. 2020 జూన్‌లో బ్రిటన్‌లో కరోనా పేషెంట్ల మీద చేసిన రికవరీ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్, పది రోజుల దాకా. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో 28 రోజుల్లో మరణాలు మామూలు వైద్యంతో 41.4 శాతం ఉంటే, డెక్సాతో 29.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో 26.2 నుంచి 23.3కి తగ్గాయి. ఇప్పుడు ఆలోచించండి. డెక్సా షుగర్‌ను పెంచే మందు. అయినా ప్రాణం నిలబెట్టింది, ఎందుకంటే మంటను తగ్గించింది. షుగర్ ఒక్కటే దోషి అయితే ఆ మందుతో మరణాలు పెరగాలి కదా.

కానీ అదే ట్రయల్‌లో మూడో గుంపు ఉంది, ఆక్సిజన్ అవసరం లేనివాళ్లు. వాళ్లకు డెక్సాతో లాభం కనిపించలేదు. మరణాలు 17.8 శాతం, డెక్సా లేకుండా 14 శాతం. ఈ తేడాను నష్టమని గట్టిగా చెప్పలేం కానీ లాభమైతే లేదు. అది కూడా కరోనా సంగతే. ఇన్‌ఫ్లుయెంజాలో స్టెరాయిడ్ అందరికీ ఇవ్వరు, పిల్లికూతల లాంటి వేరే కారణం ఉంటేనే ఇస్తారు. జ్వరం వచ్చిన రెండో రోజే ఊర్లో డెక్సా పొడిస్తే, వైరస్‌తో పోరాడాల్సిన సమయంలో పోరాటాన్ని అణచి, పైగా షుగర్‌ను పెంచినట్టవుతుంది. మందుల_కొట్టు తమ్ముడు చెప్పిన విషయం అందుకే నాకు చాలా పెద్దది.

షుగర్ నీడ మాత్రమేనా? కాదు. నీడ అయితే తిరిగి దెబ్బ కొట్టదు. షుగర్ బాగా పెరిగితే తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవుల దగ్గరికి చేరడం, వాటిని మింగడం మందగిస్తుంది. సుమారు 180 దాటితే గ్లూకోజ్ మూత్రంలోకి దిగుతుంది, వెంట నీటిని లాక్కుపోతుంది. జ్వరంతో ఎండిపోయిన మనిషి ఇంకా ఎండిపోతాడు. ఫంగస్‌కు చోటు దొరుకుతుంది, ఖని_అక్క ఇంట్లో జరిగింది అదే. మంట షుగర్‌ను పెంచుతుంది, పెరిగిన షుగర్ మంటను ఇంకా ఎగదోస్తుంది.

మరి షుగర్‌ను బలవంతంగా నార్మల్‌కు దించేయాలా? అదీ కాదు. 2001లో బెల్జియంలోని లూవెన్‌లో చేసిన పరిశోధన తర్వాత చాలా ఐసీయూల్లో షుగర్‌ను 110 లోపు ఉంచాలని పట్టుబట్టారు. 2009లో నైస్-షుగర్ ట్రయల్ వచ్చింది, 6,000 మందికి పైగా పేషెంట్లు. 81 నుంచి 108 మధ్య బిగించి ఉంచినవాళ్లలో 27.5 శాతం మంది చనిపోయారు. 180 లోపు చాలనుకున్నవాళ్లలో 24.9 శాతం. షుగర్ మరీ పడిపోవడం కూడా బిగించినవాళ్లలోనే ఎక్కువ. అప్పటి నుంచి దవాఖానలో ఎక్కువ మందికి మేం పెట్టుకునే లక్ష్యం 140 నుంచి 180. 180 దాటుతూ ఉంటే ఇన్సులిన్ మొదలుపెడతాం.

కాబట్టి పత్తిచేను గారూ, వార్డులో 160 వస్తే "ఇంకా నార్మల్ రాలేదు" అని కంగారు పడకండి. అది మేం కోరుకునే చోటే ఉంది.

ఫోర్ట్‌రోడ్
సెప్టెంబర్ 19, రాత్రి 10:41

డెక్సా కోణంలోంచి నేను ఆలోచించలేదు. అర్థమైంది సార్, ధన్యవాదాలు.

పత్తిచేను
సెప్టెంబర్ 22, ఉదయం 5:20

రాత్రంతా నిద్ర లేదు. మూడు గంటలకు బాపుకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, ఎవరెవరినో పిలుస్తున్నాడు. పరుగెత్తి సిస్టర్‌ను పిలిస్తే చెక్ చేశారు, 58. వెంటనే గ్లూకోజ్ ఇచ్చారు, పావుగంటలో 104కు వచ్చింది. ఇన్ని రోజులు ఎక్కువ ఎక్కువ అని భయపడ్డాం, ఇప్పుడు ఇదేంది? నిన్న పొద్దున స్టెరాయిడ్ ఆపారు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
సెప్టెంబర్ 22, ఉదయం 6:02

గండం గడిచింది చెల్లే, మంచి టైమ్‌లో గుర్తించావు. జరిగింది ఇదే అయి ఉంటుంది. స్టెరాయిడ్ ఆగింది, జ్వరం తగ్గింది, మంట చల్లారింది. ఒంటికి ఇన్సులిన్ మళ్లీ పనిచేయడం మొదలైంది. కానీ ఇన్సులిన్ డోసు పాత లెక్క ప్రకారమే పడింది. స్టెరాయిడ్ తగ్గించిన రోజే ఇన్సులిన్ కూడా తగ్గించాలి. రాత్రి భోజనం ఎంత తిన్నాడు?

పత్తిచేను
సెప్టెంబర్ 22, ఉదయం 6:10

రెండు ముద్దలు. నోరు చేదుగా ఉందని వదిలేశాడు. సూది మాత్రం భోజనానికి ముందే వేశారు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
సెప్టెంబర్ 22, ఉదయం 6:18

అయితే రెండూ కలిశాయి. ఇక నుంచి తినకపోతే సిస్టర్‌కు వెంటనే చెప్పు, సిగ్గుపడకు. ఎంత తిన్నాడో మాకు తెలిసేది తోడున్న మనిషి చెప్తేనే. పూటకు ఎంత షుగర్ ఉంటే అంత ఇన్సులిన్ అని వెంటపడే పాత పద్ధతి కంటే, రోజుకు ఒక నిలకడ డోసు, తినే దాన్ని బట్టి భోజనం డోసు ఇచ్చే పద్ధతి మేలు. అది ఏది నడుస్తోందో ఇవాళ డాక్టర్‌ను అడుగు.

మానేరు_ల్యాబ్
సెప్టెంబర్ 22, ఉదయం 9:35

కరీంనగర్ నుంచి ల్యాబ్ టెక్నీషియన్‌ను. వేలి రక్తంతో చూసే మీటర్ గురించి ఒక్క మాట. వేలికి బెల్లమో, పండు రసమో అంటి ఉంటే రీడింగ్ ఆకాశానికి పోతుంది, సబ్బుతో కడిగి ఆరబెట్టి గుచ్చాలి. బీపీ పడిపోయి చేతులు చల్లబడినప్పుడు మీటర్‌ను నమ్మకూడదు, నరంలోంచి తీసిన రక్తం ల్యాబ్‌కు పంపాలి. రక్తం తక్కువ ఉన్నవాళ్లకు చాలా మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. డెంగీలో రక్తం చిక్కబడితే తక్కువ చూపిస్తాయి. విటమిన్ సీ పెద్ద డోసుల్లో నరంలోకి ఎక్కిస్తే కూడా కొన్ని మీటర్లు తప్పు చెప్తాయి.

పత్తిచేను
సెప్టెంబర్ 27, సాయంత్రం 5:30

బాపును నిన్న డిశ్చార్జ్ చేశారు. ఆక్సిజన్ లేకుండా 96. ఇన్సులిన్ ఆపేశారు, చివరి రెండు రోజులు 112, 126, 149, 131. స్టెరాయిడ్ గోలీలు లేవు. ఖని_అక్కా, మీరు చెప్పినట్టు అన్నీ కాగితం మీద రాయించుకున్నాను. వారం రోజులు ఇంట్లో చూడమన్నారు, మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించమన్నారు. సద్దుల బతుకమ్మకు బాపు ఇంట్లో ఉంటాడు. పువ్వులు నేనే తెస్తాను అంటున్నాడు, అమ్మ బయటికి పోనివ్వడం లేదు.

ఖని_అక్క
సెప్టెంబర్ 27, రాత్రి 7:12

చాలా సంతోషం బిడ్డా. ఈసారి మా వాడలో బతుకమ్మ ఆడేటప్పుడు మీ ఇంటిని తలుచుకుంటాను.

మంచిర్యాల_90
అక్టోబర్ 24, రాత్రి 8:55

ఈ థ్రెడ్ మొత్తం చదివాను. మా అమ్మకు షుగర్ ఎనిమిదేండ్ల నుంచి ఉంది, డాపాగ్లిఫ్లోజిన్, మెట్‌ఫార్మిన్ వాడుతుంది. ఇప్పుడు డెంగీ, ఎన్‌ఎస్1 పాజిటివ్, ఇవాళ నాలుగో రోజు. ప్లేట్‌లెట్లు 92 వేలు. సరిగా తినడం లేదు. చుట్టాలు బొప్పాయి ఆకు రసం, కొబ్బరినీళ్లు, డబ్బాల్లో వచ్చే ఓఆర్‌ఎస్ డ్రింకులు తెచ్చి పెడుతున్నారు. షుగర్ 280. ఇంట్లోనే చూసుకోవచ్చా?

వార్డురౌండ్స్
అక్టోబర్ 24, రాత్రి 9:20

ఇవాళ రాత్రే డాక్టర్‌కు చూపించండి, రేపటికి వాయిదా వేయకండి. డెంగీలో జ్వరం దిగే సమయంలోనే, సుమారు మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, ప్రమాదం మొదలవుతుంది. షుగర్ ఉన్నవాళ్లను ఇంకా దగ్గరగా చూడాలి. 280 షుగర్‌తో నీరు మూత్రంలో పోతుంది, డెంగీతో ఆ నీరే రక్తనాళాల్లోంచి బయటికి కారుతుంది. రెండూ కలిస్తే బీపీ త్వరగా పడిపోవచ్చు.

ముఖ్యమైన సంగతి, తినకుండా ఉన్నప్పుడు డాపాగ్లిఫ్లోజిన్ వేసుకోకూడదు. షుగర్ పెద్దగా లేకపోయినా కీటోన్లు పేరుకొని రక్తం ఆమ్లంగా మారే కీటోఆసిడోసిస్ రావచ్చు. ఈ పూట నుంచే ఆపి, పోగానే డాక్టర్‌కు ఆ గోలీ పేరు చెప్పండి, కీటోన్లు చూడమనండి. నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు. పారాసిటమాల్ చాలు. డెంగీలో స్టెరాయిడ్‌తో ప్లేట్‌లెట్లు పెరుగుతాయని ఎవరైనా చెప్తే ఒప్పుకోకండి, దానికి ఆధారం లేదు. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా ఉండటం, ఇందులో ఏది కనిపించినా నేరుగా ఎమర్జెన్సీకే పోవాలి.

మందుల_కొట్టు
అక్టోబర్ 24, రాత్రి 9:34

డబ్బా డ్రింకులు పక్కన పెట్టన్నా. అసలైన ఓఆర్‌ఎస్ అంటే లీటర్ నీళ్లలో కలిపే పొడి ప్యాకెట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్లు కూడా తాగొచ్చు. పేరులో ఓఆర్‌ఎస్ పెట్టుకొని అమ్మే తీపి డ్రింకులు వేరు. వాటి మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏండ్ల తరబడి పోరాడారు. ఈ నెలలోనే దేశంలో ఆహార పదార్థాల ప్రమాణాలు చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశం ఇచ్చింది. ఇంకా పాత స్టాక్ షాపుల్లో ఉంది, చూసి కొనండి.

మంచిర్యాల_90
అక్టోబర్ 25, ఉదయం 10:40

రాత్రే తీసుకుపోయాం. కీటోన్లు కొంచెం ఉన్నాయట, అడ్మిట్ చేసుకున్నారు. సెలైన్, ఇన్సులిన్ నడుస్తున్నాయి. పొద్దున షుగర్ 176, బీపీ బాగుంది. ఆ గోలీ గురించి చెప్పకపోతే రాత్రి కూడా వేసేవాళ్లం.

పత్తిచేను
2026 జనవరి 4, రాత్రి 8:10

అందరికీ కొత్త సంవత్సర శుభాకాంక్షలు. చెప్పిన ప్రకారం మూడు నెలలకు పరీక్ష చేయించాం. హెచ్‌బీఏ1సీ 5.9, పరగడుపున 106. బాపు బీడీలు మానేసి నూట పది రోజులు. పొద్దున మక్కగట్క, రాత్రి జొన్నరొట్టె. అన్నం మధ్యాహ్నం ఒక్క పూటే తింటున్నాడు.

ఇంకో సంగతి. దసరా తర్వాత మా ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించాను. మొదట ముఖం ముడుచుకున్నాడు. ఖని_అక్క రాసింది విని చాలాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు ఒక గ్లూకోమీటర్ కొన్నాడు. నాలుగు రోజులు దాటిన జ్వరాన్ని, ఆక్సిజన్ 94 కంటే తగ్గినవాళ్లను తన దగ్గర ఉంచుకోకుండా 108కి ఫోన్ చేస్తున్నాడు. పోయిన నెల మా వాడకట్టులో ఒక పెద్దమ్మకు జ్వరంలో షుగర్ చూస్తే 390 వచ్చిందట, వెంటనే పంపించాడు.

సిస్టర్, డాక్టర్ గారూ, ఒక చిన్న ప్రశ్న. నెలాఖరుకు మేడారం జాతర. బాపు ప్రాణంతో వస్తే ఎత్తు బంగారం ఇస్తానని అమ్మ మొక్కుకుంది. 67 కిలోల బెల్లం. ఆ ప్రసాదం బాపు తినొచ్చా? అమ్మ వద్దంటోంది, బాపు అలిగి కూర్చున్నాడు.

వార్డురౌండ్స్
జనవరి 4, రాత్రి 9:30

చాలా మంచి రిపోర్టు. ఇంకా ముందు మెట్టు మీదే ఉన్నారు కాబట్టి ఏడాదికోసారి పరీక్ష తప్పనిసరి. మళ్లీ జ్వరం వస్తే మొదటి రోజే షుగర్ చూడండి. ఈ ఏడాది ఫ్లూ టీకా గురించి మీ డాక్టర్‌తో మాట్లాడండి.

నైట్‌డ్యూటీ_సిస్టర్
జనవరి 4, రాత్రి 11:48

బొటనవేలి గోరంత బంగారం, అన్నం తిన్న తర్వాత. అమ్మకు నేను చెప్పానని చెప్పు. జాతరలో జంపన్నవాగు దగ్గర జనంలో మాస్క్ పెట్టించు చెల్లే, ఆ మనిషి ఊపిరితిత్తులు ఇంకా కోలుకుంటూనే ఉన్నాయి.